ఫుట్‌బాల్ పోటీలకు విజయనగరం వస్తున్న బాలికల జట్టుకు: ఆట ఉన్న గంటలు, ఆట లేని గంటలు

అనంతపురం కోచ్ గారు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. అంతర జిల్లాల పదిహేడేళ్ల లోపు బాలికల ఫుట్‌బాల్ పోటీల కోసం ఆయన అక్టోబరులో పద్దెనిమిది మంది అమ్మాయిలను, వారితో వచ్చే కొందరు తల్లిదండ్రులను తీసుకుని ఐదు రోజులు విజయనగరంలో ఉండబోతున్నారు. వారిలో ఎవరూ ఈ ఊరు చూడలేదు. ఎలా రావాలి, బస, భోజనం ఎలా చూసుకోవాలి, మ్యాచ్‌ల మధ్య ఖాళీలో పిల్లలకు ఏం చూపించాలి, అరకు, సముద్రం కూడా అదే ప్రయాణంలో కలుపుకోవచ్చా అని అడిగారు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ బయటి జిల్లాల జట్లకు ఏర్పాట్లు చూసినవాడిని కాబట్టి, నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను.

కోచ్ గారూ, ముందుగా ఒక్క మాట. చూడవలసిన స్థలాల జాబితా పక్కన పెట్టి, నిర్వాహకులు ఇచ్చే మ్యాచ్‌ల పట్టిక ముందు పెట్టుకుని ఐదు రోజుల కార్యక్రమం రాసుకోండి. లీగ్, ఆ తర్వాత నాకౌట్ పద్ధతిలో జరిగే పోటీలలో జట్టుకు పూర్తి రోజు ఖాళీ దొరకడం అరుదు. దొరికేవన్నీ ఉదయం మ్యాచ్ అయిన తర్వాత మూడు గంటలు, సాయంత్రం మ్యాచ్‌కు ముందు రెండు గంటలు, ఇలాంటి ముక్కలే. ఆ ముక్కలలో పట్టే ఊరు విజయనగరం. కోట, గంటస్తంభం, పైడితల్లి అమ్మవారి గుడి, పెద్దచెరువు, సంగీత కళాశాల, గురజాడ వారి ఇల్లు అన్నీ పాత ఊళ్లోనే ఉన్నాయి. అరకు లోయ, బొర్రా గుహలు, సముద్రతీరం పూర్తి రోజు అడిగే స్థలాలు. వాటిని మీ జట్టు ఆడే చివరి మ్యాచ్ ముగిసేదాకా తలపెట్టవద్దని నా గట్టి సలహా.

పట్టిక చేతికి రాగానే చూసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. విజయనగరం మీ అనంతపురానికి తూర్పున దాదాపు ఆరు డిగ్రీల రేఖాంశం దూరంలో ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు మీకంటే ఇరవై నిమిషాలకు పైగా ముందే ఉదయించి, అంతే ముందుగా అస్తమిస్తాడు. అక్టోబరు మూడో వారంలో ఇక్కడ సూర్యాస్తమయం సుమారు ఐదున్నరకే అవుతుంది. ఫ్లడ్‌లైట్లు లేని మైదానంలో నాలుగు గంటలకు మొదలుకావలసిన మ్యాచ్ అరగంట ఆలస్యమైతే రెండో అర్ధభాగం మసక వెలుతురులో ఆడవలసి వస్తుంది, ఎత్తుగా వచ్చే బంతి గోల్‌కీపరుకు సరిగా కనిపించదు. మేనేజర్ల సమావేశంలోనే ఈ మాట ఎత్తి, చివరి మ్యాచ్ ఎన్ని గంటలకు మొదలవుతుందో, వెలుతురు తగ్గితే మిగిలిన ఆట ఎప్పుడు ఆడిస్తారో స్పష్టంగా అడగండి. అదే విధంగా ఉదయం ఆరు గంటలకే ఇక్కడ ఎండ పొడ కనబడుతుంది కాబట్టి పిల్లలను మీ ఊరి అలవాటు కంటే అరగంట ముందు పడుకోబెట్టి, అరగంట ముందు లేపితే మంచిది.

ప్రయాణానికి అనంతపురం నుంచి నేరుగా ఉన్న దారి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. బెంగళూరు నుంచి భువనేశ్వర్ వెళ్లే ఈ రైలు మీ ఊళ్లోనూ ఆగుతుంది, మా ఊళ్లోనూ ఆగుతుంది. రిజర్వేషన్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి ఇవ్వరు. కాబట్టి మీ బృందానికి నాలుగైదు టికెట్లు అవసరమవుతాయి, వాటిని ఒకే పూట, ఒకే తరగతిలో తీసుకుంటేనే అందరూ ఒకే బోగీలోనో, పక్క పక్క బోగీలలోనో పడతారు. పిల్లలను ఐదుగురికి మించకుండా పంచి, ప్రతి టికెట్టులోనూ ఒక పెద్దవారి పేరు ఉండేలా చూడండి. బెర్తులు చెదిరిపోయినా ఏ గుంపూ పెద్ద దిక్కు లేకుండా ఉండదు.

విశాఖపట్నంలో రైలు కొంతసేపు ఆగి, ఇంజను రెండో వైపుకు మార్చుకుని, వచ్చిన దిక్కుగానే బయలుదేరుతుంది. తెలియని పిల్లలు రైలు వెనక్కి పోతోందని కంగారు పడి దిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందే చెప్పి ఉంచండి. అక్కడ నుంచి కొత్తవలస మీదుగా విజయనగరం సుమారు గంట ప్రయాణం. వేరే రైలులో వచ్చే తల్లిదండ్రులకు ఇంకొక సంగతి చెప్పాలి. హౌరా, భువనేశ్వర్ వైపు వెళ్లే రైళ్లలో కొన్ని విశాఖపట్నం స్టేషనులోకి రాకుండా దువ్వాడ నుంచే పక్కదారిన కొత్తవలస వైపు సాగిపోతాయి. ఆ రైళ్లలో వస్తూ విశాఖలో దిగుదామని అనుకుంటే కుదరదు.

నేరుగా వచ్చే రైలులో చోటు దొరకకపోతే విశాఖ దాకా ఏ రైలులో వచ్చినా ఫరవాలేదు. అక్కడ ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి విజయనగరానికి రోజంతా బస్సులు ఉంటాయి, దూరం సుమారు 60 కిలోమీటర్లు. మీది బాలికల జట్టు కాబట్టి ఇందులో మీకు ఒక వెసులుబాటు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి అమలులో ఉన్న స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రానికి చెందిన బాలికలు, మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో ఉచితంగా ప్రయాణించవచ్చు. రాష్ట్ర నివాసం తెలిపే ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తారు. నాన్‌స్టాప్ సర్వీసులకు, సూపర్ లగ్జరీ వంటి పై తరగతి బస్సులకు ఇది వర్తించదు. విశాఖ, విజయనగరాల మధ్య నాన్‌స్టాప్ బస్సులు కూడా తిరుగుతాయి గనుక ఎక్కక ముందే అడిగి తెలుసుకోండి. వయసు ధ్రువీకరణ కోసం ఆధార్, జనన ధ్రువపత్రాల అసలు ప్రతులు మీరు ఎలాగూ తెస్తారు. వాటిని ఒకే సంచిలో మీ దగ్గర ఉంచుకోండి, నకళ్లు మాత్రం ఎవరివి వారికి ఇవ్వండి.

బస విషయానికి వస్తే, ఇలాంటి పోటీలలో జట్లకు సాధారణంగా పాఠశాలలలోనో, కళాశాలలలోనో, కల్యాణ మండపాలలోనో చోటు ఇస్తారు. ఉత్తరంలో "బస ఏర్పాటు చేయబడును" అన్న ఒక్క వాక్యంతో తృప్తి పడవద్దు. భవనం పేరు, అది మైదానానికి ఎంత దూరం, బాలికలకు విడిగా గడియ పడే స్నానాల గదులు ఎన్ని, నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, రాత్రి కాపలాకు మహిళా సిబ్బంది ఎవరైనా ఉంటారా అన్నవి వారం ముందే ఫోనులో అడిగి రాసుకోండి. మీ వెంట దుప్పట్లు, తాళాలు, బట్టలు ఆరేసుకోవడానికి రెండు పొడవైన తాళ్లు, రెండు బకెట్లు, దోమల మందు తప్పక ఉండాలి. అక్టోబరులో ఇక్కడ వానలు ఇంకా వెళ్లిపోవు, దోమలు ఎక్కువ. సాయంత్రం ఆరు దాటాక పిల్లలు పొడుగు చేతుల చొక్కాలు, ట్రాక్ ప్యాంట్లు వేసుకోవాలి. తల్లిదండ్రులు మాత్రం రైల్వే స్టేషనుకూ ఆర్టీసీ కాంప్లెక్సుకూ దగ్గరలో ఉండే లాడ్జీలలో గదులు తీసుకోవడం మేలు. జట్టు బసలోనే అందరూ సర్దుకుందామని అనుకుంటే అక్కడ పిల్లలకు నిద్ర కరవవుతుంది.

వానల మాట వచ్చింది గనుక ఇది కూడా చెబుతాను. అక్టోబరు ఉత్తరాంధ్రకు తుపానుల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాను తాకింది. తుపాను హెచ్చరిక వస్తే పోటీలు వాయిదా పడవచ్చు, రైళ్లు రద్దు కావచ్చు. బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ ప్రకటన చూసుకోండి, రైళ్ల సమాచారానికి 139 నంబరు ఉపయోగపడుతుంది. వాన పడిన మైదానంలో నున్నటి అడుగున్న బూట్లు జారతాయి కాబట్టి స్టడ్లు అరిగిపోయిన బూట్లను ఇంటి దగ్గరే వదిలేయండి. తడిసిన బూట్లలో పాత దినపత్రికలు ఉండలు చేసి కుక్కి, రెండు గంటలకోసారి మారిస్తే తెల్లవారేసరికి చాలావరకు ఆరతాయి. ఎండలో పెడితే అతుకు ఊడి అడుగు విడిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేను భావించే విషయం. అనంతపురం రాష్ట్రంలోనే పొడి జిల్లా, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. విజయనగరంలో దానికి దాదాపు రెట్టింపు పడుతుంది, పైగా సముద్రపు తేమ గాలిలో ఎప్పుడూ ఉంటుంది. మీ పిల్లలు మా కంటే తీవ్రమైన ఎండలలో ఆడినవారే అయినా ఇక్కడి ఉక్కపోత వారికి కొత్త. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందువల్ల కాదు, పట్టిన చెమట ఆవిరైనందువల్ల. తేమ నిండిన గాలిలో చెమట ఆవిరి కాక కారిపోతూ ఉంటుంది. ఒంట్లో నీరు, ఉప్పు పోతాయి గాని వేడి దిగదు. అందువల్ల ఉష్ణోగ్రత అనంతపురం కంటే తక్కువగా కనిపించినా పిల్లలు త్వరగా అలసిపోతారు, రెండో అర్ధభాగంలో పిక్కలు పట్టేస్తాయి. వీలైతే మొదటి మ్యాచ్‌కు రెండు రోజుల ముందే చేరుకుని తేలికపాటి సాధన చేయించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దండిగా తెచ్చుకోండి; అవి అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాతో తలకొట్టి కొలిచి, కలుపుకోవచ్చు. ఏ అమ్మాయి అయినా తల తిరుగుతోందన్నా, వణుకుతున్నా, మాట తడబడినా ఆట మధ్యలోనైనా బయటకు తీసుకురండి. నీడలో పడుకోబెట్టి, మెడకూ చంకలకూ తడి గుడ్డలు పెట్టి, 108కి ఫోన్ చేయండి. ఊళ్లో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. బాలికల బృందం కాబట్టి 112 (అత్యవసర సహాయం), 181 (మహిళల సహాయం), 1098 (పిల్లల సహాయం) నంబర్లు కూడా ప్రతి పెద్దవారి ఫోనులోనూ ఉండాలి.

భోజనంలో మ్యాచ్ రోజుకూ మామూలు రోజుకూ తేడా పెట్టండి. మ్యాచ్‌కు మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు, లేదా పెరుగన్నం చాలు. ఉదయం ఎనిమిదికి ఆట ఉంటే ఐదు గంటలకే తినిపించాలి, అప్పటికి హోటళ్లు తెరవవు కాబట్టి బస దగ్గర వంట చేసేవారితో ముందు రోజు రాత్రే మాట్లాడుకోండి. పూరీలు, బజ్జీలు ఆటకు ముందు వద్దు. రాగి సంగటి, జొన్నరొట్టె అలవాటైన మీ పిల్లలకు అవి ఇక్కడి హోటళ్లలో దొరకడం కష్టమే గాని, ఉదయం పూట బండ్ల మీద చోడి అంబలి, అంటే మీ రాగి అంబలి, దొరుకుతుంది. శుభ్రమైన బండి చూసుకుని తాగించండి. వేరుశెనగ పొడి, వేరుశెనగ ఉండలు మీ ఊరి నుంచి తెచ్చుకుంటే అన్నంలోకీ, ఆట తర్వాత నోట్లోకీ పనికొస్తాయి. మా వైపు కూరలలో కారం మీకంటే తక్కువ, బెల్లం, ఆవపిండి ఎక్కువ. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం ఆవకాయ ఈ నేల రుచులు. మ్యాచ్ లేని రోజు మధ్యాహ్నం పిల్లలకు తప్పక రుచి చూపించండి. తాగే నీటికి మాత్రం మూత సీలు ఉన్న క్యాన్లే తెప్పించుకోండి, మైదానంలో ఎవరి సీసా వారికి పేరు రాసి ఇవ్వండి.

ఖాళీ గంటలలో పాత ఊరు ఎలా చూపించాలో చెబుతాను. సాయంత్రం నాలుగున్నరకు గంటస్తంభం దగ్గర మొదలుపెట్టండి. 1885లో కట్టిన ఎనిమిది పలకల స్తంభం అది, చుట్టూ బజారు. అక్కడ నుంచి మూడులాంతర్ల కూడలి వైపు నడిస్తే పైడితల్లి అమ్మవారి చదురుగుడి వస్తుంది. అమ్మవారి వనంగుడి రైల్వే స్టేషను దగ్గర వేరుగా ఉంది, దిగిన రోజే దర్శనం చేసుకోవాలనుకునే పెద్దలకు అది అనువు. ఇంకా ముందుకు సాగితే కోట. 1713లో పూసపాటి రాజులు విజయదశమి నాడు పునాది వేశారని చెప్పే ఈ కోట రాతి గోడలు, బురుజులతో ఇప్పటికీ గట్టిగా నిలిచి ఉంది. లోపల పూసపాటి వంశం వారు నెలకొల్పిన మాన్సాస్ ట్రస్టు విద్యాసంస్థలు నడుస్తున్నాయి గనుక పనివేళల్లో గుంపుగా లోపలికి వెళ్లాలంటే కాపలావారి అనుమతి అడగండి. పెద్ద ద్వారం కింద నిలబెట్టి పిల్లలకు బొబ్బిలి యుద్ధం కథ చెప్పండి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది, కొద్ది రోజులకే విజయనగరం రాజు విజయరామరాజు గారు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించారు. పైడితల్లి ఆ రాజుగారి చెల్లెలని, పెద్దచెరువులో అమ్మవారై దొరికిందని ఇక్కడివారి నమ్మకం. కోట, గుడి, చెరువు మూడూ ఒకే కథలోవి కాబట్టి మూడింటినీ ఒకే సాయంత్రం చూస్తే పిల్లల మనసులో నిలుస్తాయి.

కోటకు సమీపంలో గురజాడ అప్పారావు గారు నివసించిన ఇల్లు ఉంది. పాఠ్యపుస్తకంలో చదివిన కవి గారి ఇంట్లో నిలబడడం ఆ వయసు పిల్లలకు చిన్న విషయం కాదు. పాత ఊళ్లోనే మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. 1919లో మొదలైన ఈ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఇక్కడి విద్యార్థి. తరగతులు జరిగే వేళ వరండాలో నిశ్శబ్దంగా నడిస్తే ఒక గదిలో వీణ, పక్క గదిలో మృదంగం, ఆ పైన నాట్యం చేసేవారి గజ్జెలు వినబడతాయి. మ్యాచ్ ఓడిన రోజు పిల్లలను ఇక్కడికే తీసుకురమ్మని నేను చెబుతూ ఉంటాను. బజారు కంటే ఇక్కడ మనసు త్వరగా కుదుటపడుతుంది.

క్రీడాకారులుగా వారికి తెలియవలసిన ఇద్దరి సంగతి. ఈ ఊరి విజ్జీ స్టేడియానికి ఆ పేరు 1936లో ఇంగ్లండులో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమార్ వల్ల వచ్చింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు సర్కస్ పెట్టి కలియుగ భీముడని పేరు తెచ్చుకోకముందు ఈ ఊళ్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అయితే మీ అమ్మాయిలకు ఈ ఇద్దరి కంటే దగ్గరగా తోచేది కొండవెలగాడ. నెల్లిమర్ల మండలంలోని ఈ పల్లెలో ఇంటింటా వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లలు ఉంటారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో రజతం అందుకున్న మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. మీ కార్యక్రమంలో పూట ఖాళీ ఉంటే నెల్లిమర్ల దారి పట్టండి. కొండవెలగాడ వ్యాయామశాల వారికి ముందే కబురు చేసి వెళ్లి, అక్కడి పిల్లలతో మీ పిల్లలను ఒక గంట కూర్చోబెట్టండి. అదే వైపున, ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో రామతీర్థం ఉంది. కొండ కింద రాముడి గుడి, దగ్గరలోని గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలు చూడవచ్చు. మరునాడు మ్యాచ్ ఉంటే కొండ ఎక్కించవద్దు, మెట్లు దిగేటప్పుడు తొడ కండరాల మీద పడే భారం మరునాడు తెలుస్తుంది. కింద గుడి, కోనేరు చూసి తిరిగి రండి. సాయంత్రం పూట అయితే కోరుకొండ దారిలో ధనుస్సు ఆకారంలో కట్టిన రామనారాయణం ఆలయం బాగుంటుంది. దీపాలు వెలిగాక చూడాలి, నడక తక్కువ, రామాయణ ఘట్టాలు వరుసగా ఉంటాయి.

మీ తేదీలు సరిగ్గా చూసుకోవలసిన కారణం ఇంకొకటి ఉంది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందు రోజు సోమవారం తొలేళ్లు. ఈ రెండు రోజులు ఉత్తరాంధ్ర పల్లెలన్నీ, పక్కనున్న ఒడిశా నుంచి కూడా జనం, విజయనగరం దారి పడతారు. యాభై అడుగులకు పైబడిన చింతమాను చివర ఆసనం మీద పూజారి గారు కూర్చోగా, ఆ మానును రథం మీద అమ్మవారి గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. రథం సాగేటప్పుడు మాను కొస పైకీ కిందికీ ఊగుతూ ఉంటే కింది జనం అరటిపండ్లు పైకి విసురుతారు. ఒకసారి చూస్తే మరచిపోలేని దృశ్యం అది.

అయితే జట్టుకు ఆ రోజు కష్టాలు ఉంటాయి. పాత ఊళ్లోకి వాహనాలను రానివ్వరు, లాడ్జీలలో గదులు ముందే నిండిపోతాయి, ఆటోలు చుట్టుదారిన తిరుగుతాయి, మామూలుగా పది నిమిషాలు పట్టే దూరానికి గంట పట్టవచ్చు. పోటీలు ఆ తేదీలతో కలిస్తే తల్లిదండ్రుల గదులను రెండు నెలల ముందే తీసుకోండి. మంగళవారం మీ మ్యాచ్ ఉంటే ఉదయం పూటకే ఇవ్వమని నిర్వాహకులను అడగండి. సిరిమాను సాధారణంగా మధ్యాహ్నం తర్వాత కదులుతుంది. పద్దెనిమిది మంది అమ్మాయిలను ఆ రద్దీలోకి నేరుగా తీసుకుపోవడాన్ని నేను సమర్థించను. కోట, గుడి మధ్య దారిలో తెలిసినవారి మేడ ఏదైనా నిర్వాహకుల ద్వారా మాట్లాడుకుని, ఉదయం పదకొండు లోపు అక్కడికి చేరి, ఊరేగింపు ముగిసి జనం పలచబడేదాకా కదలకుండా ఉండడమే సరైన పద్ధతి. అది కుదరకపోతే వారం ముందు నుంచీ జరిగే ఉత్సవ కార్యక్రమాలతో తృప్తి పడండి. ఆనందగజపతి ఆడిటోరియంలో పాటలు, నాటకాలు ఉంటాయి. వీధులలో తప్పెటగుళ్ల బృందాలు వస్తాయి. రొమ్ముకు రేకు తప్పెటలు కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, పాడుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడి కూడా తాళం తప్పరు. మీ పిల్లలు వారి అడుగులను శ్రద్ధగా గమనించాలి. ఒంటి కాలి మీద దిగి, మడమ ఆనించకుండా మళ్లీ ఎగిరే ఆ తీరు ఫుట్‌బాల్ ఆడేవారికి పనికొచ్చే పాఠం.

తల్లిదండ్రులకు పిల్లలతో పాటు తిరగవలసిన అవసరం లేదు. మ్యాచ్ లేని రోజు వారు ఉదయపు రైలులో శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు వెళ్లి, అక్కడ నుంచి రోడ్డు మార్గాన అరసవల్లి సూర్యనారాయణ స్వామిని, శ్రీకూర్మంలో కూర్మనాథ స్వామిని దర్శించుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళం పట్టణంలో కాదు. ఆ దూరానికి బస్సో ఆటోనో పట్టుకోవాలి. చేతిపనుల మీద ఆసక్తి ఉన్నవారు బొబ్బిలి వెళ్లి, ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే గొల్లపల్లి కళాకారుల పని చూడవచ్చు.

ఇక అరకు, సముద్రం. జట్టు ముందే ఓడిపోయి, తిరుగు టికెట్లు ఐదో రోజుకు ఉంటే అప్పుడు ఈ రెండింటిలో ఒకదానికి సమయం చిక్కుతుంది. శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డు మలుపులలో చాలామంది పిల్లలకు వాంతులవుతాయి, బొర్రా గుహలలో మెట్లు ఎక్కువ, రానూ పోనూ రోజంతా పడుతుంది. తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడకముందే ఘాట్ దిగేటట్టయితేనే వెళ్లండి. సముద్రం చూడని పిల్లలు జట్టులో చాలామంది ఉంటారు కాబట్టి నా ఓటు చింతపల్లి తీరానికి. పూసపాటిరేగ మండలంలో దీపస్తంభం ఉన్న ప్రశాంతమైన తీరం అది. కానీ ఇక్కడి సముద్రంలో ఒడ్డు దిగగానే లోతు వస్తుంది, అల వెనక్కి లాగే ఊపు పైకి కనబడదు. చీలమండలు దాటి నీళ్లలోకి ఎవరినీ వెళ్లనివ్వకండి. పిల్లలను ఇద్దరేసి జతలుగా చేసి, పెద్దవారిని నీటి వైపు వరుసగా నిలబెట్టి, గంటకు మించకుండా ఉండి వెనక్కి రండి.

నిర్వాహకులు మీకు బస భవనం పేరు, మ్యాచ్‌ల పట్టిక పంపగానే ఆ రెండూ ఇక్కడే పెట్టండి. ఏ మ్యాచ్‌కు బస నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలో, ఏ పూట ఎక్కడికి వెళ్లడం కుదురుతుందో రోజువారీగా రాసి ఇస్తాను.